బదులు వేషం

(ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం సాయంత్రం, పర్లాకిమిడిలో నాటక ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం. పెద్దలకు, తోటి కళాకారులకు, టెక్కలి నుంచీ పాతపట్నం నుంచీ పని మానుకొని వచ్చిన నాటకాభిమానులకు నా వందనాలు. నాటకానికి ముందు అరగంట మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, పెద్ద వేషాల గురించి అయితే మాట్లాడనని ముందే మనవి చేశాను. హరిశ్చంద్రుడిగా, ధర్మరాజుగా మీలో చాలామంది నన్ను చూశారు, వాటి బాగోగులు మీకు తెలిసినవే. వాటికి ముందు పదేళ్ళకు పైగా నా పేరు ఏ కరపత్రంలోనూ పడలేదు. ఆ కాలంలో నేను వేసినవన్నీ చిల్లర వేషాలూ, ఒకరు రాకపోతే వారి స్థానంలో నిలబడే బదులు వేషాలూ. పద్యనాటకం గురించి నాకు తెలిసినదంతా అప్పుడు నేర్చుకున్నదే కాబట్టి ఇవాళ దాని గురించే చెబుతాను.

ముందు మన ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి వేషాలు ఈ ఊళ్ళో ఎందుకు అంతగా అవసరమయ్యాయో ఊరి పరిస్థితి తెలిస్తేనే అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది, నాలుగడుగులు వేస్తే వచ్చే పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సరిహద్దు గీత ఊళ్ళ మధ్య పడింది కానీ నాటకాల మధ్య పడలేదు. శివరాత్రికీ, శ్రీరామనవమికీ, అమ్మవారి సంబరాలకూ మనవాళ్ళు తెలుగు నాటకమే కట్టించేవారు. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరుతో మాట్లాడుకొని శ్రీకాకుళం, విజయనగరం, రాజమండ్రి వైపు నుంచి పేరున్న నటులను పిలిపించేవారు. వారికి పారితోషికం, రానుపోను ఖర్చులు, భోజనం, బస అన్నీ చూడాలి కనుక కృష్ణుడు, హరిశ్చంద్రుడు, చంద్రమతి, నక్షత్రకుడు వంటి నాలుగైదు ముఖ్య పాత్రలకే బయటివారిని తెచ్చుకోగలిగేవారు. భటులు, మునులు, చెలికత్తెలు, కాశీ పురజనులు, కౌరవ సభలో కూర్చునే రాజులు, తెర లాగేవాడు, పుస్తకం పట్టుకొని మాట అందించే ప్రాంప్టరు, వీరందరూ మన ఊరివాళ్ళే. నటించే ఆసక్తి ఉన్న పదిమంది ఇరవై వేషాలు మోయవలసి వచ్చేది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు ఇదే. ఆ ఊళ్ళోనే నాలాంటి పిల్లలు గ్రాంథిక పద్యాలను అర్థం పూర్తిగా తెలియకుండానే కంఠస్థం చేశారు. ఇందులో వైరుధ్యం ఉందని నేను అనుకోను. పద్యం తరువాత వచ్చే వచనాన్ని జనం మాట్లాడుకొనే తెలుగులో ఎలా పలకాలో ఈ ఊరి వీధులే నాకు నేర్పాయి, ఆ ఋణం పంతులుగారిది.

తెలుగు నాటకంలో ఒకరి పాత్రను మరొకరు నేర్చుకొని ఉండటం కొత్త సంగతి కాదు. ఇవాళ మనం జయంతి జరుపుకొంటున్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. ఆ రోజుల్లోనే ధార్వాడ నుంచి వచ్చిన సమాజాలు మన ఊళ్ళలో పాటలతో, రంగుల తెరలతో ప్రదర్శనలు ఇచ్చి పట్టణాల్లో నాటక సమాజాలు పుట్టడానికి కారణమయ్యాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సమాజాల్లో కుటుంబమంతా కలిసి నాటకం ఆడుతుంది. అక్కడ పసివాడు ఉయ్యాల్లో బాలకృష్ణుడిగా మొదలుపెట్టి, నడక రాగానే లోహితాస్యుడై, గొంతు కుదురుకొన్నాక నారదుడై, తండ్రికి ఒంట్లో బాగులేని రోజున తండ్రి వేషం వేసుకొంటాడు. వారికి బదులు వేషమన్నది వేరే ఏర్పాటు కాదు, ఇంట్లో పెద్దకొడుకు బాధ్యత ఎత్తుకోవడం వంటిది. మన సరిహద్దు ఊళ్ళలో అలాంటి కుటుంబ సమాజాలు లేవు. అందువల్ల ఆ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ప్రతి నాటకానికీ కొత్తగా పుట్టేది.

నా మొదటి వేషం లోహితాస్యుడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, సంవత్సరం 1970. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయంలో లోహితాస్యుడికి పద్యాలు తక్కువ, పని ఎక్కువ. దర్భలు కోయడానికి వెళ్ళి పాము కాటుకు చనిపోయాక, కాటి సీను అంతా చంద్రమతి ఒడిలో శవంగా పడి ఉండాలి. ఆ సీను తెల్లవారుజామున మూడు దాటాక వచ్చేది. కళ్ళు మూసుకొని, ఊపిరి పైకి తెలియకుండా పొట్టతో చిన్నగా తీసుకొంటూ, చేతిమీద దోమ వాలినా వేలు కదపకుండా ముప్పావు గంట పడి ఉండేవాణ్ణి. చంద్రమతి వేసిన అమ్మగారు శోక పద్యం ఎత్తుకొన్నప్పుడు ఆమె పొట్ట కండరాలు బిగుసుకోవడం నా వీపుకు తెలిసేది. ఊపిరి ఎక్కడ తీసుకొంటున్నారో, ఎక్కడ బిగబట్టారో, ఏ అక్షరం దగ్గర రాగాన్ని వదిలేసి మాటగా మార్చారో చెవికంటే ముందు వీపుకు అందేది. హరిశ్చంద్రుడు మాత్రం దూరంగా నిలబడి ఉండేవారు. ఆయన పద్యాలన్నీ నేను కళ్ళు మూసుకొనే విన్నాను. ఈ మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను, దీనితో తరువాత పని ఉంది.

కాటి సీనులో నటులు నాటకకర్త రాసిన పద్యాలతో ఆగరు. గుఱ్ఱం జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు కూడా కలిపి పాడటం మన రంగస్థలం మీద ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఏవి పాడాలి, ఏ వరుసలో పాడాలి, ఏ రాగంలో పాడాలి అన్నది నటుడి ఇష్టం. అందువల్ల అచ్చు పుస్తకం చేతిలో ఉన్నవాడికి కూడా కాటి సీను పూర్తిగా తెలిసినట్టు కాదు. నలుగురైదుగురు హరిశ్చంద్రుల వరుసలు నేను శవంగా పడి ఉండి నేర్చుకొన్నాను.

పదిహేనో ఏట గొంతు విరిగింది. అంతవరకు గణగణలాడిన గొంతు ఒక్కసారిగా చీలిపోయి, మంద్రంలోనూ నిలవక, పైకీ పోక రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. మగపిల్లవాడు రంగస్థలం విడిచిపెట్టేది సాధారణంగా ఈ ఘట్టంలోనే. పాడలేనివాడికి పద్యనాటకంలో ఏం పని అని ఇంట్లో అన్నారు. మా ఊరి హార్మోనిస్టు మాస్టారు మాత్రం, "గొంతు వచ్చేదాకా నిలబడ్డం నేర్చుకో బాబూ" అన్నారు. అప్పటికి ఆ మాట లోతు నాకు తెలియలేదు.

నిలబడటం అంటే ఏమిటో ఉద్యోగ విజయాలలో, అంటే మనం కృష్ణ రాయబారం అనే నాటకంలో, సభా ఘట్టం దగ్గర తెలిసింది. రాయబారం నాటకంలో మన పద్ధతి మీకు తెలుసు. కృష్ణ పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొంటారు. పడక సీను కృష్ణుడు ఒకరు, సభలో కృష్ణుడు మరొకరు. ఉత్తరాంధ్రలో కృష్ణుడంటే పీసపాటి నరసింహమూర్తి గారి పేరే చెప్పుకొనేవారు కనుక ఏ కృష్ణుడు వచ్చినా జనం మనసులో ఆ కొలత ఒకటి ఉండేది. కౌరవ సభలో నేను భటుణ్ణి. చేతిలో వెదురుకు తగరం రేకు చుట్టిన బల్లెం, నెత్తిన బిగుతైన టోపీ. కృష్ణుడు యుద్ధం ఎలా ముగుస్తుందో సభకు ముందే చెప్పే పద్యం అందుకొనేసరికి జనంలో కదలిక పుడుతుంది. పద్యం పూర్తి కాగానే వన్స్ మోర్ అని కేకలు వేస్తారు. తెలుగువారూ ఒడియావారూ అన్న తేడా లేకుండా ఆ కేక వేసేవారు. కృష్ణుడు హార్మోనియం వైపు చూసి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకొంటారు.

ఆ రెండోసారి భటుడు ఏం చెయ్యాలి? మొదటిసారి పద్యం విని బెదిరిన ముఖం పెట్టాడు. కథ ప్రకారం ఆ మాట ఒకసారే చెప్పారు. కానీ రంగస్థలం మీద అది రెండోసారి చెప్పబడుతోంది, ఒక్కోసారి మూడోసారి కూడా. వెనుక ఉన్నవాడు అప్పటికే తెలిసిన సంగతిలా చూస్తూ నిలబడితే పద్యం కచేరీలో పాట అయిపోతుంది. ఆ సభ హస్తినలో ఉన్నదన్న భ్రమ పోయి పర్లాకిమిడి పందిట్లో ఉన్నట్టు అవుతుంది. మూడోసారి కూడా మొదటిసారి విన్నట్టే వినగలిగినవాడు గుంపులో ఒక్కడున్నా చాలు, చూసేవాళ్ళ కన్ను అతని ముఖం మీదుగా కృష్ణుడి దగ్గరికి వెళ్ళి మళ్ళీ నమ్ముతుంది. నేను ఆరేళ్ళు ఆ పని చేశాను. చేసే ఉపాయం ఒకటే, ఈసారి ఆ నటుడు ఏ మాట మీద కొత్తగా నిలిచాడో వెతుకుతూ వినడం. మంచి నటుడు రెండోసారి పాడినప్పుడు ఎక్కడో ఒకచోట మారుస్తాడు. దానికోసం నిజంగా చెవి ఒగ్గి వింటే ముఖం తనంతట తాను మారుతుంది, నటించనక్కరలేదు.

గుంపులో పాడటం కూడా అప్పుడే నేర్చుకొన్నాను. తెర లేవకముందు పరబ్రహ్మ ప్రార్థన అందరూ కలిసి పాడతారు. అది చందాల కేశవదాసు గారి రచన, తెలుగు దేశమంతటా నాటకానికి అదే తొలిపలుకు. కృష్ణుడి కిరీటం పెట్టుకొన్నవారూ, బల్లెం పట్టుకొన్నవాడూ, ఇంకా గడ్డం అంటించుకోని మునీ ఒకే శ్రుతిలో నిలబడేది ఆ ఐదు నిమిషాలే. మనలో ఒకరు చెప్పినదానికల్లా తల ఊపేవాణ్ణి వంత పాడుతున్నాడని తక్కువగా మాట్లాడతారు. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఊపిరి తీసుకోలేడు. గుంపులో పాడేవాడు తన గొంతు తనకు వినపడేంతగా పాడకూడదు, పక్కవాడి గొంతు వినపడేంతగా తగ్గించి పాడాలి. విరిగిన గొంతు నాకు ఈ విషయంలో మేలు చేసింది.

ఈ విద్యలో మన గంజాం పల్లెల ప్రహ్లాద నాటకానికి కూడా నేను ఋణపడి ఉన్నాను. జలంత్ర సంస్థానంలో రాజాశ్రయంలో పుట్టిన ఆ ఒడియా సంగీత నాటకాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. మెట్ల మీద నుంచి హిరణ్యకశిపుడు దిగే తీరు, పక్కన నిలబడి కథ నడిపే గాహకుడు, మద్దెల, తాళాలు, ప్రతి పాటకూ రాగం నిర్దేశించిన కట్టుబాటు, ఇవన్నీ మన భాగవతులకూ నాటకానికీ దగ్గరి చుట్టాలు. రెండు వేసవులు నేను ఒక పల్లె బృందంలో వెనుక నిలబడి పాడాను. గాహకుడు పాదం సగంలో వదిలేస్తే మిగిలిన సగం వెనుకవాళ్ళు అందుకోవాలి. ఎక్కడ వదులుతారో ముందుగా చెప్పరు. ఆయన భుజం చూసి తెలుసుకోవాలి. నాకు ఒడియా పాట వచ్చినంతగా మాట రాదు. అయినా భుజం చూసి పాట అందుకోగలిగాను.

తరువాత ప్రాంప్టరు పని వచ్చింది. పక్క తెర చాటున, లాంతరు వెలుతురులో, పుస్తకం మీద కళ్ళు పెట్టి, నటుడి నోట మాట ఆగిన క్షణంలో మొదటి అక్షరం మాత్రం అందించాలి. పూర్తి మాట అందిస్తే జనానికి వినిపిస్తుంది, ఆలస్యమైతే నటుడు తానే ఏదో అల్లుతాడు. ఆ పనితో హరిశ్చంద్ర నాటకం మొత్తం, అందరి పాత్రలతో సహా, నాకు నోటికి వచ్చేసింది. సమాజంలో ఎవరు రాకపోయినా నా పేరే చెప్పడం అక్కడి నుంచి మొదలైంది. మాతలి, వీరబాహుడు, ఒకసారి విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు, ఇలా కనీసం పదిహేను బదులు వేషాలు నేను ముందస్తు సాధన లేకుండానే వేశాను. వాటిని త్వరగా దాటి వెళతాను. చిన్న వేషాల్లో బదులు నిలబడటం జ్ఞాపకశక్తికి సంబంధించిన పని, అంతకు మించి చెప్పుకోవలసింది లేదు.

పాశ్చాత్య దేశాల సంగీత నాటకశాలల్లో ఈ పనికి కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. ముఖ్య పాత్రకు బదులు సిద్ధంగా ఉండేవారిని అండర్‌స్టడీ అంటారు. గుంపులోని పలు స్థానాలను నేర్చుకొని ఏ ఖాళీ వచ్చినా నింపేవారిని స్వింగ్ అంటారు. వీరికి వేరే సాధన ఉంటుంది, జీతం ఉంటుంది. న్యూయార్కులో 1954లో పజామా గేమ్ అనే సంగీత నాటకంలో కెరోల్ హేనీ కాలికి దెబ్బ తగిలితే, గుంపులో నర్తించే షిర్లీ మెక్లెయిన్ ఆమె బదులు ఆడి, తరువాత సినిమాల్లోకి వెళ్ళి ప్రపంచ ప్రసిద్ధురాలైంది. అందరూ చెప్పుకొనే కథ అది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది వేరు. ఈ రోజు ఫలానా వారి బదులు ఫలానా వారు ఆడుతున్నారని చీటీ ద్వారానో, ప్రకటన ద్వారానో ప్రేక్షకులకు ముందే తెలియజేయడం అక్కడ ఆచారం. ఆ ఆచారం లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో ఇప్పుడు చెబుతాను.

1981 వేసవి. మన దగ్గరలోని ఒక ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం. మొదటి హరిశ్చంద్రుడు ముందురోజే వచ్చారు. కాటి సీను వెయ్యవలసిన రెండో హరిశ్చంద్రుడు మెయిన్ లైను బండిలో నౌపడ వచ్చి, అక్కడి నుంచి మన చిన్న రైలు పట్టుకోవాలి. నౌపడ నుంచి ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. 1900లో వేసిన ఆ నేరో గేజ్ రైలు ఎంత నిదానంగా నడిచేదో ఎక్కినవారికి తెలుసు. ఆ రోజు పెద్ద బండి ఆలస్యమైంది, సాయంత్రపు చిన్న రైలు వెళ్ళిపోయింది. రాత్రి బస్సు లేదు. అర్ధరాత్రి దాటాక కాంట్రాక్టరు నా చేతిలోంచి పుస్తకం తీసుకొని, గొంగళీ కర్రా ఇచ్చి, రంగు వేసుకోమన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు.

గడ్డం అంటిస్తుండగా హార్మోనిస్టు వచ్చి అడిగారు, "నీ శ్రుతేటి బాబూ?" అని. హార్మోనియం మెట్టును బట్టి శ్రుతికి అంకె చెబుతాం, అంకె పెరిగినకొద్దీ శ్రుతి పైకి పోతుంది. నేను తడుముకోకుండా "నాలుగు" అన్నాను. రావలసిన నటుడి శ్రుతి నాలుగు. ఆయన పద్యాలను చిన్నప్పటి నుంచీ ఆ శ్రుతిలోనే విన్నాను, ఒంటరిగా ఏటి ఒడ్డున పాడుకొన్నప్పుడు కూడా ఆ శ్రుతి ఊహించుకొనే పాడాను. నా గొంతుకు ఏ శ్రుతి సరిపోతుందన్న ప్రశ్న నాకు అంతవరకూ పుట్టనే లేదు. మొదటి పద్యం ఎలాగో గట్టెక్కింది. రెండో పద్యంలో పై షడ్జం, అంటే పై స్థాయి 'స', దాటి నిలవవలసిన చోట గొంతు చీలింది. పందిట్లో వెనుక వరుసలో ఎవరో దగ్గినట్టు చేశారు. ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి జరిగింది, దాన్ని జనం గమనించలేదు. వేదిక నడుమ ఒక మైకు వేలాడుతోంది. చంద్రమతి కుమారుణ్ణి ఒడిలో పెట్టుకొని దాని కిందుగా కూర్చున్నారు, కదలడానికి ఆమెకు వీలు లేదు. కాటి సుంకం చెల్లించమని అడగడానికి హరిశ్చంద్రుడు వచ్చి నిలబడవలసిన చోటు ఒకటుంది. ఎక్కడ? నాకు తెలియదు. ఆ సీను వందసార్లు విన్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. చిన్నప్పుడు శవంగా కళ్ళు మూసుకొన్నాను, పెద్దయ్యాక పుస్తకం మీద కళ్ళు పెట్టాను. మాటలన్నీ నాకు వచ్చు, రాగాలన్నీ వచ్చు, అడుగు మాత్రం ఒక్కటీ రాదు. నేను తిన్నగా వెళ్ళి ఆమెకూ మైకుకూ మధ్య నిలబడ్డాను. ఆ అమ్మగారు శోక పద్యం ఎత్తుకొంటే గొంతు నా గొంగళిలోకి వెళ్ళిపోయింది.

ఆమె పద్యం ఆపలేదు. భర్తను గుర్తుపట్టని ఇల్లాలు కాటికాపరిని వేడుకొంటున్నట్టే చెయ్యి చాచి, నా గొంగళి అంచు పట్టుకొని, ఏడుపుతో పాటే పక్కకు లాగారు. ఒక అడుగు, మరో అడుగు. మూడో అడుగుకు మైకు ఆమెకు దక్కింది. జనానికి అది ఆమె నటనలో భాగమే అనిపించింది. తరువాత ఆమె కథలో లేని రెండు వాక్యాల వచనం నెమ్మదిగా పలికారు. ఆ కాస్త వ్యవధిలో హార్మోనిస్టు నా వైపు చూసి, రెండు వేళ్ళు ఎత్తి, మూడో వేలు సగం మడిచి చూపించారు. రెండున్నర. నా తరువాతి పద్యం రెండున్నర శ్రుతిలో ఎత్తుకొన్నాను. నా గొంతు ఏదో నాకు ఆ క్షణంలో, అంతమంది ముందు, మొదటిసారి తెలిసింది. మాంగల్యం సంగతి వచ్చి ఒకరినొకరు గుర్తుపట్టే ఘట్టంలో ముందు వరుసలోని ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకొన్నారు. అది ఆమె గొప్పతనం. నేను చేసిందల్లా ఆమె నన్ను పెట్టిన చోట నిలబడి ఉండటమే.

బదులు వేషం నేర్చుకోవడం అంటే లేని నటుడి గొంతును పట్టుకోవడమని నేను పదేళ్ళు పొరబడ్డాను. ఆ నటుడు లేకపోతే తక్కినవారికి ఏమేమి తక్కువవుతుందో అది నేర్చుకోవాలి. చంద్రమతికి మైకు తక్కువవుతుంది, హార్మోనిస్టుకు శ్రుతి తెలియకుండా పోతుంది, తెర లాగేవాడికి గుర్తు మాట పోతుంది, కత్తి ఎత్తినప్పుడు పక్కకు తప్పుకోవలసిన వీరబాహుడికి కొలత పోతుంది. ఈ లోట్లన్నీ తీర్చగలిగినవాడికి గొంతు సాధారణమైనదైనా నాటకం నడుస్తుంది. గుంపులో నిలబడి ఇతరులను వినడం ఆరేళ్ళు సాధన చేసినవాణ్ణి, పెద్ద వేషం మీద పడగానే ఆ విద్య మరిచిపోయి, నన్ను నేను వినుకోవడం మొదలుపెట్టాను. నా తప్పు అక్కడ ఉంది.

ఇక మిగిలిన సంగతి. ఆ రాత్రి నా పేరు ఎవరూ ప్రకటించలేదు. కరపత్రంలో ఉన్నది రాని నటుడి పేరు. గొంగళి కప్పుకొని, గడ్డం పెట్టుకొని, లాంతరు వెలుగులో వచ్చిన మనిషిని ఆయనే అనుకొన్నారు చాలామంది. ప్రకటిస్తే జనం గొడవ చేస్తారని కాంట్రాక్టరు భయపడి ఉండవచ్చు, అతని ఇబ్బంది నేను కాదనను. నాకు ఇస్తానన్న డబ్బులో సగమే ఇచ్చాడు, దాని గురించి కూడా నాకు ఇప్పుడు పట్టింపు లేదు. కానీ మూడో రోజు మన బజారులో టీ దుకాణం దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకొంటుంటే విన్నాను. ఆ మహానుభావుడి గొంతు పోయింది పాపం, పై షడ్జం అందుకోలేకపోయాడు, ఇంక పిలిపించడం వృథా అని. నా తప్పు మరొకరి పేరున జమ అయింది. నౌపడ ప్లాట్‌ఫారం మీద దోమల మధ్య రాత్రంతా కూర్చొన్న మనిషికి దక్కిన ఫలం అది.

నేను నిద్రపోలేకపోయాను. నెల తరువాత ఆయన పలాసలో నాటకానికి వచ్చారని తెలిసి, వెళ్ళి, మేకప్ గదిలో కాళ్ళకు దండం పెట్టి జరిగినదంతా చెప్పాను. కోప్పడతారనుకొన్నాను. ఆయన ముఖానికి రంగు రాసుకొంటూ అద్దంలోంచే నన్ను చూసి, "ఏ పద్యం దగ్గర పోయింది నాయనా?" అని అడిగారు. చెప్పాను. "పాడు" అన్నారు. ఆ గదిలోనే, గొంతు తగ్గించి పాడాను. మూడో పాదం దగ్గర చెయ్యి ఎత్తి ఆపారు. "ఇక్కడ నేను ఊపిరి తీసుకొంటాను. కర్ర నేలకు కొట్టేది అందుకే. కర్ర చప్పుడు వింటారు గానీ ఊపిరి తీసుకోవడం ఎవరూ చూడరు. నువ్వు కళ్ళు మూసుకొని విన్నావు కదా, కర్ర చప్పుడు నీకు దరువులా వినిపించి ఉంటుంది" అన్నారు. నిజమే. పదేళ్ళుగా నేను దాన్ని దరువనే అనుకొన్నాను. ఆ రాత్రి వేదిక మీద కర్ర కొట్టాను కూడా, కానీ ఊపిరి తీసుకోలేదు.

ఆ తరువాత మరో రెండేళ్ళు నేను ఆయన బదులుగానే ఉన్నాను, ఈసారి ఆయనకు తెలిసి. సరిహద్దుకు ఇటువైపు నాటకం ఒప్పుకొన్నప్పుడల్లా, నేను రాలేకపోతే కుర్రాడున్నాడు, వాడి పేరు ముందే చెప్పండి అని కాంట్రాక్టరుతో ఆయనే మాట తీసుకొనేవారు. వచ్చిన రోజున నేను పక్క తెర దగ్గర పుస్తకం లేకుండా నిలబడి కళ్ళతో చూసేవాణ్ణి. రాని రోజు రెండున్నర శ్రుతిలో వేసేవాణ్ణి. 1983లో ఆయనే నన్ను మొదటి హరిశ్చంద్రుడిగా పెట్టి, తాను కాటి సీను వేశారు. ఒకే పాత్రను అలా ఒకరి చేతిలోంచి ఒకరం అందుకొన్న రాత్రి, తెర చాటున ఆయన గొంగళి సర్దుకొంటూ నా చేతిలో మొదటి భాగం కిరీటం పెట్టిన క్షణం నాకు వచ్చిన ఏ సన్మానం కన్నా ఎక్కువ.

అప్పటి నుంచి నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. మన సమాజంలో ప్రతి నాటకానికీ ప్రతి పాత్రకూ రెండు పేర్లు, రెండు శ్రుతులు అందులో రాసి ఉంటాయి. మైకు ఎక్కడ, ఎవరు ఎవరికి ఎడంగా నిలవాలి, కర్ర ఏ మాట మీద నేలకు తగలాలి, ఇవి కూడా రాశాను. హార్మోనిస్టు తెర లేవకముందు దాన్ని ఒకసారి చూసుకొంటారు. కుర్రవాళ్ళు ముందుగా గుంపులో ఒక ఏడాది నిలబడకుండా పద్యం ఇవ్వవద్దని నేను పట్టుపడుతున్నానని కొందరికి కష్టంగా ఉందని తెలుసు. ఈ విషయంలో నేను తగ్గలేను.

మాట ఇక్కడికి చాలిస్తాను, లోపల శ్రుతి సరిచేస్తున్నారు. ఈ రాత్రి నక్షత్రకుడి వేషం వెయ్యవలసిన కళాకారుడికి జ్వరం వచ్చింది, ఆయన రాలేదు. ఆయన బదులు మూడేళ్ళుగా మన గుంపులో నిలబడుతున్న ఒక అబ్బాయి వేస్తున్నాడు. అతని శ్రుతి మూడు. తెర లేవకముందు అతని పేరు మైకులో చెబుతారు. దయచేసి అప్పటికి అందరూ వచ్చి కూర్చోండి.